శన్వార్ తేలీల ఊళ్ళో నాలుగు రోజులు

2025 జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్ మధ్య పన్నెండు రోజుల యుద్ధం జరిగినప్పుడు నా స్నేహితురాలు ఇజ్రాయెల్‌లోని అష్దోద్‌లో ఉంది. హైదరాబాద్ ఆఫీసులో ఎనిమిదేళ్ళు నా పక్క సీటు తనది. ఠాణే అమ్మాయి. బెనె ఇస్రాయెల్, అంటే కొంకణ్ తీరంలో వందల ఏళ్ళుగా ఉంటున్న మరాఠీ యూదుల కుటుంబం. పెళ్ళయ్యాక అటు వెళ్ళిపోయింది. ఆ పన్నెండు రోజులూ సైరన్ మోగినప్పుడల్లా పిల్లలతో షెల్టర్‌లోకి దిగడం, బయటికొచ్చాక "బాగున్నాం" అని నాకు, ఠాణేలో ఉన్న వాళ్ళమ్మకి ఒక్క ముక్క మెసేజ్ పెట్టడం.

అంతా సద్దుమణిగాక ఫోన్ చేసి, "ఆయీ, అదే మా అమ్మ, దగ్గర నేను లేను. నా బదులు నువ్వొకసారి వెళ్ళి చూసి రావా?" అంది. పంద్రాగస్టు ఈసారి శుక్రవారం పడింది, సెలవులు కలిసొచ్చాయి. అమ్మ పెట్టిన ఆవకాయ ఒక సీసాలో సర్దుకుని బయల్దేరాను.

శనివారం వాళ్ళకి విశ్రాంతి రోజు, పెన్ను పట్టరు, ఫోన్ ముట్టరు. వాళ్ళింట్లో ఉన్నాను కాబట్టి నేనూ ముట్టలేదు. అందుకే మర్చిపోకముందే, ఇంటికి రాగానే రాసుకుంటున్నాను.

ఆగస్టు 14, గురువారం: మస్జిద్ బందర్

ఠాణే వెళ్ళేలోపు ముంబైలో యూదుల ప్రార్థనాలయం, సినగాగ్, ఒక్కటైనా చూడాలనుకున్నాను. ముంబైలోని పెద్ద రైల్వే స్టేషన్ సీఎస్ఎంటీ తర్వాతి స్టేషన్ పేరే మస్జిద్. ఆ పేరు అక్కడి పాత సినగాగ్ వల్లే వచ్చిందని అంటారు. దిగి శామ్యూల్ స్ట్రీట్ వెతకడం మొదలుపెట్టాను. తోపుడు బళ్ళు, బస్తాలు మోసే హమాలీలు, నెత్తిన టార్పాలిన్లు, వాటి మీంచి ధారగా కారే వాన. "సినగాగ్ ఎక్కడ?" అంటే ఎవరికీ తెలియదు. ఒకాయన చెయ్యి చూపించినవైపు వెళ్తే అది నిజంగానే మసీదు. అక్కడి ముసలాయన మళ్ళీ వెనక్కి పంపాడు. అరగంట తిరిగాక ఒక ఎండుఫలాల కొట్టు సేఠ్ చెప్పాడు: "సినగాగ్ అంటే ఎవరికి తెలుస్తుంది? జూనీ మస్జిద్ అని అడగండి." జూనీ అంటే పాత. ఆ మాట అడిగాక రెండు నిమిషాల్లో గుమ్మం ముందున్నాను.

షఆర్ హరహమీమ్, దయాద్వారం అని అర్థం. 1796లో కట్టించినది, ముంబైలో మొట్టమొదటి సినగాగ్. కట్టించినాయన శామ్యూల్ దివేకర్, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో దేశీ అధికారి. మైసూరు యుద్ధంలో టిప్పు సుల్తాన్ సైన్యానికి బందీగా చిక్కాడు. 'బనీ ఇస్రాయీల్ అని ఖురాన్‌లో పేరున్నవాళ్ళు వీళ్ళు, చంపొద్దు' అని టిప్పు తల్లి అడ్డుపడిందనీ, ప్రాణాలతో ఇంటికి వస్తే దేవుడికి గుడి కట్టిస్తానని ఆయన మొక్కుకున్నాడనీ వాళ్ళలో తరతరాలుగా చెప్పుకుంటారు. వీధికి ఆయన పేరే. ముందే అనుమతి అడిగి ఉంచినా గుమ్మం దగ్గర గుర్తింపు కార్డు చూసి, సంచీ తెరిపించి గానీ లోపలికి పంపలేదు. 2008 నవంబరులో కొలాబాలోని నరీమన్ హౌస్ మీద దాడి తర్వాత ఇలాంటి చోట్లన్నీ ఇంతే. లోపల హాలు మధ్యలో చెక్క కటకటాల వేదిక, పైనుంచి వేలాడే నూనె దీపాలు, గోడవార బెంచీలు. పది నిమిషాలు కూర్చున్నాను. వీధిలో అంత గోల, లోపల వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

దారి చెప్పిన సేఠ్ దగ్గరే కిలో ఖర్జూరాలు కొన్నాను, రెండొందల నలభై. ఎవరికోసం అని అడిగి, యూదుల ఇంటికి అనగానే గుప్పెడు నల్ల ఎండుద్రాక్ష విడిగా పొట్లం కట్టి ఊరికే ఇచ్చాడు. "వాళ్ళు దీంతో షర్బత్ చేస్తారు, శుక్రవారానికి కావాలి" అన్నాడు. ఎప్పటినుంచో అక్కడ వ్యాపారం చేస్తున్న గుజరాతీ ఆయన. పక్కవాళ్ళ పండగ సరుకులు కూడా గుర్తుపెట్టుకునే కొట్లు ఇంకా ఉన్నాయి.

లోకల్ ట్రైన్లో ఠాణేకి పదిహేను రూపాయలు. స్నేహితురాలి అమ్మని నేను ఆంటీ అంటాను. ఆంటీ ఇల్లు మూడో అంతస్తు. తలుపు చట్రానికి కుడివైపు ఏటవాలుగా బిగించిన చిన్న గొట్టం, మెజూజా. లోపల తోలు కాగితం మీద రాసిన, వాళ్ళ ధర్మగ్రంథం తోరాలోని వాక్యాలు ఉంటాయి. ఆంటీ దాన్ని వేళ్ళతో తాకి, వేళ్ళు పెదాలకు ఆనించుకుంది. తర్వాత నా రెండు చేతులూ తన చేతుల మధ్యకి తీసుకుని వదిలి, మళ్ళీ అలాగే తన వేళ్ళు ముద్దు పెట్టుకుంది. హాత్ బోషీ అంటారట, వాళ్ళ పలకరింపు. గుమ్మాన్నీ మనిషినీ ఒకేలా తాకారామె. ఆ తర్వాత నాలుగు రోజుల్లో ఎంతమంది నాకలా చేతులు ఇచ్చారో లెక్కలేదు.

ఆవకాయ సీసా చూసి మొదట అడిగింది, "రొయ్యలు లేవు కదా బేటా?" అని. పొలుసూ రెక్కా లేని జలచరం వాళ్ళు తినరు. లేవన్నాక మూత తీసి వాసన చూసి, కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. "నువ్వుల నూనె. గానుగది." అవును, మా పొన్నూరు గానుగలో ఆడించిన పప్పునూనె. వాళ్ళ తాతగారు రోహా దగ్గర పల్లెలో గానుగ తిప్పేవారట.

అక్కడి నుంచి రాత్రి పదకొండింటిదాకా గానుగ కబుర్లే. కొంకణ్ పల్లెల్లో వీళ్ళని శన్వార్ తేలీ అనేవారు, శనివారం పని చెయ్యని తెలికులవాళ్ళు అని. మిగతా తేలీలు సోమవారం ఎద్దుకి సెలవిస్తే వీళ్ళు శనివారం ఇచ్చేవాళ్ళు. మనిషితోపాటు పశువుకీ ఆ రోజు విశ్రాంతి అన్నది తోరా ఆజ్ఞ. ఎప్పుడో పడవ బద్దలై ఈ తీరానికి కొట్టుకొచ్చినప్పుడు పుస్తకాలు పోయాయి, ప్రార్థనలు మరుగునపడ్డాయి. శనివారం మిగిలింది, సున్తీ మిగిలింది, తినేవీ తినకూడనివీ మిగిలాయి, 'షెమా ఇస్రాయెల్' (ఇస్రాయేలూ, విను) అన్న ఒక్క వాక్యం మిగిలింది. చాలాకాలానికి డేవిడ్ రహబీ అనే ఆయన వచ్చి, వీళ్ళు యూదులో కాదో తేల్చుకోవడానికి ఆడవాళ్ళకి చేపల బుట్ట ఇచ్చి వండమన్నాడట. వాళ్ళు పొలుసున్నవి ఏరుకుని తక్కినవి పక్కన పెట్టేశారు. ఈ కథ చెప్తూ ఆంటీ, "మా మతాన్ని కాపాడింది వంటిల్లు" అంది.

ఆగస్టు 15, శుక్రవారం: ఠాణే

పొద్దున్న ఎనిమిదింటికి అపార్ట్‌మెంట్ కింద జెండా వందనం. ఎగరేసింది ఆంటీవాళ్ళ మరిది. అందరూ కాకా అంటారు, నేనూ అలాగే పిలిచాను. 1971 యుద్ధంలో సైన్యంలో ఉన్న మనిషి. ఆయన వచ్చి ఉంటున్నప్పటినుంచీ ఈ సొసైటీలో ప్రతి ఆగస్టు 15కీ, జనవరి 26కీ తాడు లాగేది ఆయనే. అడగడాలు, తీర్మానాలు ఏమీ ఉండవు. సెక్రటరీ ముందురోజు ఇస్త్రీ చేసిన జెండా తెచ్చి ఇచ్చి వెళ్తాడంతే. తలకి యూదు మగవాళ్ళు పెట్టుకునే చిన్న టోపీ కిప్పా, దాని మీద మిలిటరీ టోపీ. జనగణమన పాడుతున్నంతసేపూ వాన పడుతూనే ఉంది. గొడుగులు పట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే ముడిచేశారు. ఆయన తడుస్తున్నాడు కదా.

తర్వాత అందరికీ బూందీ లడ్డూ, సమోసా. కాకా లడ్డూ తీసుకుని సమోసా వెనక్కిచ్చారు, లోపల కీమా ఏమోనని కాదు, నూనె ఏమిటో తెలియదని. పక్క ఫ్లాటావిడకి ఆ సంగతి తెలుసు. ఆయన కోసం విడిగా రెండు అరటిపళ్ళు తెచ్చి ఉంచింది.

కాకా గదిలో గోడకి ఒకటే ఫోటో, లెఫ్టినెంట్ జనరల్ జేకబ్‌ది. ఈస్టర్న్ కమాండ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా 1971 డిసెంబర్ 16న లొంగుబాటు పత్రం పట్టుకుని ఢాకా వెళ్ళిన మనిషి. కలకత్తా బాగ్దాదీ యూదు కుటుంబంలో పుట్టినాయన. ఈ బాగ్దాదీలు బెనె ఇస్రాయెల్ కన్నా చాలా ఆలస్యంగా, బాగ్దాద్ వంటి ఊళ్ళ నుంచి వర్తకానికి వచ్చినవాళ్ళు. ముంబైలో ససూన్ డాక్, డేవిడ్ ససూన్ లైబ్రరీ, బైకుల్లాలో మాగెన్ డేవిడ్ సినగాగ్ అన్నీ అలా వచ్చిన ససూన్ కుటుంబానివే. ఒకప్పుడు బాగ్దాదీలు వీళ్ళని తమతో సమానంగా చూడలేదు. సామూహిక ప్రార్థనకి కావలసిన పదిమంది మగవాళ్ళలో వీళ్ళని లెక్కపెట్టని రోజులున్నాయి. వీళ్ళలో వీళ్ళకే గోరా, కాలా అన్న తేడాలు ఉండేవి. ఇవన్నీ దాచకుండా చెప్పింది కాకాయే. "మనదేశం నుంచి మంచి ఎంత నేర్చుకున్నామో ఇదీ అంతే నేర్చుకున్నాం" అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆయన గోడకి తగిలించుకున్నది ఒక బాగ్దాదీ ఫోటో. "యూనిఫామ్‌లో ఉన్నాయన్ని అదేం అడుగుతాం?" అన్నారు.

వైస్ అడ్మిరల్ బెంజమిన్ శాంసన్ గురించి అడిగాను. ఆయన అచ్చంగా బెనె ఇస్రాయెల్, ఖడక్‌వాస్లా నేషనల్ డిఫెన్స్ అకాడమీ కమాండెంట్‌గా చేసినాయన. భరతనాట్యం లీలా శాంసన్ ఆయన కూతురే. రైల్వేలు, తపాలా, కస్టమ్స్, ఆస్పత్రులు, సైన్యం, ఎక్కడ చూసినా ఒక తరంలో వీళ్ళు ఉండేవాళ్ళు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఇరవై వేలకి పైమాట. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడ్డాక చాలామంది వెళ్ళిపోయారు. ఇప్పుడు దేశం మొత్తం మీద ఐదువేల లోపే అంటారు. ఎవరో తరిమితే వెళ్ళలేదు. ఇక్కడ యూదుణ్ణని ఎవరూ తమ మీద చెయ్యెత్తలేదని నాలుగు రోజుల్లో నాలుగిళ్ళలో విన్నాను.

మరి మీరెందుకు వెళ్ళలేదని కాకాని అడిగాను. "పండరీపురం వెళ్ళిన వార్కరీ భక్తుడు అక్కడే ఉండిపోతాడా? దర్శనం చేసుకుని ఇంటికొస్తాడు. నేను జెరూసలేం రెండుసార్లు వెళ్ళాను. అక్కడి పాత దేవాలయపు గోడకి నుదురు ఆనించి ఏడ్చాను. తీర్థం వేరు, సొంతూరు వేరు."

వంటింట్లోంచి ఆంటీ అంది, "నా కూతురు అక్కడే ఉండిపోయింది మరి. దానికి అదే సొంతూరు. దాని పిల్లలు అక్కడ పుట్టారు." కాకా మాట్లాడలేదు. కాసేపటికి లేచి వెళ్ళి కొబ్బరి తురమడానికి కూర్చున్నారు.

శుక్రవారం సాయంత్రం సూర్యుడు దిగేలోపు శనివారానికి కూడా వంట అయిపోవాలి. చందువ చేపల పులుసు, మాంసం కూర, అన్నం, కొత్తిమీర పచ్చడి. మాంసంతో పాలు, పెరుగు కలవకూడదు కనుక గ్రేవీ అంతా కొబ్బరిపాలతో. మూడుసార్లు పిండిన పాలు మూడు గిన్నెల్లో, చిక్కటివి చివర్న పొయ్యి కట్టేశాక పోశారు. సేఠ్ ఇచ్చిన నల్ల ఎండుద్రాక్ష పొద్దున్నే నానబెట్టి మరిగించి, చేత్తో పిసికి వడగట్టారు. అదే శుక్రవారం రాత్రి వాళ్ళు ఆశీర్వచనం చెప్పి తాగే కిద్దుష్ ద్రాక్షరసం, పానకంలా చిక్కగా, వగరుగా.

దీపాలు చూడాలి. రెండు గాజుగ్లాసుల్లో సగానికి పైగా నీళ్ళు, మీద వేలెడు మందం కొబ్బరినూనె, అందులో ఒత్తి. వెలిగించి, చేతులతో కళ్ళు మూసుకుని హీబ్రూలో ఆశీర్వచనం చెప్పింది ఆంటీ. ఆ తర్వాత మరాఠీలో మెల్లగా ఏదో అంటుంటే కూతురి పేరు, మనవల పేర్లు వినపడ్డాయి. నూనె అయిపోయి ఒత్తి నీళ్ళు తాకాక దీపం దానంతటదే మలుగుతుంది, ఎవరూ ఆర్పరు. రాత్రి భోజనంలో ఆవకాయ కాకాకి తెగ నచ్చింది. చేప పులుసులో నంజుకున్నారు.

ఆగస్టు 16, శనివారం: టెంభీ నాకా

ఠాణే సినగాగ్ పేరు షఆర్ హషమాయిమ్, ఆకాశద్వారం. 1879 నాటిది. టెంభీ నాకాలో ఉంది. ఆ రోజు గోపాల్‌కాలా. ఠాణేలో ఉట్టి కొట్టే సంబరానికి పెట్టింది పేరు ఆ కూడలే. పొద్దున్న మేం వెళ్ళేటప్పటికే రోడ్డుకి అడ్డంగా క్రేన్లు, స్పీకర్లు, లారీల్లో గోవిందా కుర్రాళ్ళు. వానలో తడుస్తూ టీషర్టుల్లో వందలమంది. ఆంటీ చీరకుచ్చెళ్ళు పట్టుకుని వాళ్ళ మధ్యలోంచి నడుస్తుంటే ఒక కుర్రాడు "ఆజీకి దారివ్వండి రా!" అని అరిచాడు. గుంపు రెండుగా చీలింది. సినగాగ్ గేటు దాకా మా ముందు నడిచి దింపి వెళ్ళాడు.

ఆడవాళ్ళు పై వసారాలో. నేను చున్నీ తలమీద కప్పుకున్నాను. కింద పాతికమంది దాకా మగవాళ్ళు, తెల్ల శాలువాలు. పశ్చిమ గోడకి అల్మరా, తోరా చుట్టలు అందులోనే. ఇక్కడి నుంచి జెరూసలేం పడమర కదా. ఒక మూల ఖాళీ కుర్చీ. అది ప్రవక్త ఏలియాది, సున్తీ రోజున తప్ప దానిమీద ఎవరూ ఏమీ పెట్టరు. తోరా చుట్టని బయటికి తీసి హాలంతా తిప్పుతుంటే మగవాళ్ళు శాలువా కొసతో తాకి ముద్దు పెట్టుకున్నారు. పైనుంచి ఆడవాళ్ళు దానివైపు చేతులు చాచి వేళ్ళు పెదాలకు ఆనించుకున్నారు. మళ్ళీ అదే హాత్ బోషీ. ఆంటీ పుస్తకంలో హీబ్రూ పక్కనే దేవనాగరి లిపి ఉంది. నాకు హిందీ వచ్చు కాబట్టి అర్థం తెలియకపోయినా వెంట చదవగలిగాను.

ఆ వారం పాఠం ద్వితీయోపదేశకాండం ఏడో అధ్యాయం చివర్నుంచి పదకొండు దాకా, ఏకెవ్ అంటారు. గోధుమలు, ద్రాక్ష, అంజూరం, ఒలీవ నూనె, తేనె ఉన్న మంచి నేలకి దేవుడు మిమ్మల్ని తీసుకొస్తున్నాడు, తిని తృప్తి పడ్డాక ఆ నేల ఇచ్చినవాణ్ణి తలుచుకోండి అని మోషే చెప్పే భాగం. పరదేశిని ప్రేమించండి, మీరూ ఐగుప్తులో పరదేశులే కదా అన్న మాట అందులోదే. చివర్లో వాన వస్తుంది: మాట విని నడుచుకుంటే తొలకరినీ కడవరి వాననీ అదనుకి కురిపిస్తానని. ఆంటీ వేలుపెట్టి ఆ పంక్తి చూపించి కిటికీవైపు చూసింది. బయట కుండపోత. దానితోపాటు 'గోవిందా ఆలా రే' డీజే. కింద చదువుతున్న హజ్జాన్, అంటే ప్రార్థన నడిపే ఆయన, గొంతు పెంచలేదు, తగ్గించలేదు. కిటికీ తలుపులు వేద్దామని కూడా ఎవరూ లేవలేదు.

చదువు అయ్యాక అందరూ నిలబడ్డారు. దేశం కోసం ప్రార్థన. రాజులకి రక్షణ ఇచ్చేవాడా అని మొదలయ్యే చాలా పాత ప్రార్థన ఇది. లోకంలో ఎక్కడి యూదులు అక్కడి రాజు కోసం, ప్రభుత్వం కోసం చేస్తారు. ఇక్కడ బ్రిటిష్ రోజుల్లో ఇంగ్లండ్ రాజు పేరుండేది, ఇప్పుడు భారత రాష్ట్రపతి, ప్రధానమంత్రి అని వస్తుంది. బబులోనుకి చెరపట్టుకుపోయినవాళ్ళకి ప్రవక్త యిర్మీయా రాసిన ఉత్తరం దీనికి మూలం: మీరున్న ఊరి క్షేమం కోరండి, దాని కోసం ప్రార్థించండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది. ఆ ఉత్తరం అందుకున్నవాళ్ళు బందీలు. వీళ్ళని బందీలుగా ఎవరూ తేలేదు, అయినా అదే శ్రద్ధ.

నేను కిందికే చూస్తున్నాను. కాకా నిన్న జెండా ముందు నిలబడ్డట్టే నిలబడ్డారు, చేతులు రెండూ పక్కలకి బిగించి. నిన్న జనగణమన ఏడాదికి రెండుసార్లు వచ్చే సందర్భం. ఇది ప్రతి శనివారం. కెమెరాలు ఉండవు, చూసే వాళ్ళుండరు. పాతికమంది ఉన్నా చేస్తారు, పదిమంది ఉన్నా చేస్తారు. దేశభక్తిని ఎదుటివాళ్ళ నుంచి రుజువుగా అడిగే రోజుల్లో ఉన్నాం. ఎవరూ అడక్కుండా, వానలో, కిటికీ అవతల ఎవరికీ వినపడకుండా ఇన్నేళ్ళుగా ఈ దేశం చల్లగా ఉండాలని అడుగుతున్న వాళ్ళని చూస్తే నాకు కన్నీళ్ళాగలేదు. ఆంటీ చూసి తన కొంగు ఇచ్చింది.

తర్వాత కిందకి దిగి అందరం కలిసి తిన్నాం. ఇక్కడే ఒక పెద్దాయన నాది గుంటూరు జిల్లా అని తెలిసి, "మీ దగ్గర కూడా మావాళ్ళు ఉన్నారటగా?" అన్నారు. ఉన్నారు. చేబ్రోలు పక్క కొత్తరెడ్డిపాలెంలో, బెనె ఎఫ్రాయిం అని చెప్పుకునే తెలుగు కుటుంబాలు. చిన్న సినగాగ్ కట్టుకుని షబ్బాత్, అంటే శనివారపు విశ్రాంతి, పాటిస్తున్నారు. పొన్నూరు నుంచి గుంటూరు వెళ్ళే బస్సులో వందలసార్లు చేబ్రోలు దాటాను, ఒక్కసారీ దిగలేదు. ఆయన అడిగిన వాటికి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ముందు అక్కడ దిగాలి.

రాత్రి మూడు నక్షత్రాలు కనపడాలి షబ్బాత్ ముగియడానికి. మబ్బులో ఏం కనపడతాయి, క్యాలెండర్‌లో టైము చూసుకున్నారు. తర్వాత మలీదా. అది ఆంటీ మొక్కు. జూన్‌లో షెల్టర్ మెసేజీలు వస్తున్న రోజుల్లో, అందరూ క్షేమంగా బయటపడితే మలీదా చేస్తానని ఏలియా ప్రవక్తకి మొక్కుకుందట. అటుకులు కడిగి మెత్తబడ్డాక పచ్చి కొబ్బరి తురుము, పంచదార, యాలకులు, బాదం, పిస్తా కలిపి పెద్ద పళ్ళెంలో గోపురంలా పోశారు. చుట్టూ అరటి, ఆపిల్, జామ, నేను తెచ్చిన ఖర్జూరాలు. 'ఏలియాహు హనావీ' పాట అందరూ అందుకున్నారు. ఒక్కో పండుకీ ఒక్కో ఆశీర్వచనం చెప్పి పంచారు.

ఆ పళ్ళెం చూడగానే నాకు మా ఇల్లే గుర్తొచ్చింది. కృష్ణాష్టమికి అమ్మ కలిపేవి కూడా అటుకులే, బెల్లంతో. కుచేలుడు మూట కట్టుకెళ్ళింది అవే. ఆంటీకి ఆ కథ చెప్పాను. పేదవాడు స్నేహితుడి ఇంటికి సిగ్గుపడుతూ అటుకులు పట్టుకెళ్ళడం ఆమెకి ఎంత నచ్చిందో, పక్క ఫ్లాటుకి మలీదా గిన్నె ఇస్తూ అక్కడ మళ్ళీ చెప్పింది. వాళ్ళింట్లోంచి గోపాల్‌కాలా అటుకులు అదే గిన్నెలో తిరిగొచ్చాయి.

ఆగస్టు 17, ఆదివారం: పేణ్, అలీబాగ్, నవ్‌గావ్

వానలకి గేట్‌వే నుంచి మాండ్వా లాంచీలు ఆపేస్తారు, కాబట్టి రోడ్డు దారే. మోకాళ్ళ నొప్పులున్నా ఆంటీ నాతో వస్తానంది, పదేళ్ళయిందట అటు వెళ్ళి. ప్రభుత్వ ఎస్టీ బస్సులో ఆడవాళ్ళకి సగం టికెట్టు. దారి పొడవునా ఆంటీ ఊరి బోర్డులు చదువుతూ ఇంటిపేర్లు చెప్పుకుంటూ వచ్చింది. పేణ్ రాగానే పేణ్‌కర్, రోహా బోర్డు కనపడితే రోహేకర్. చేవుల్ నుంచి చేవుల్‌కర్, నవ్‌గావ్ నుంచి నవ్‌గావ్‌కర్. ఊరి పేరుకి 'కర్' చేరిస్తే అదే ఇల్లు. "అక్కడ మా అమ్మాయి తలుపు మీద కూడా రోహేకర్ అనే ఉంటుంది, హీబ్రూలో." అష్దోద్, దిమోనా లాంటి ఊళ్ళలో ఉన్న వీళ్ళు మాయబోలీ అనే మరాఠీ పత్రిక నడుపుతున్నారు, మే 1న మహారాష్ట్ర దినం చేసుకుంటారు. పేణ్‌లో రోడ్డుపక్కన షెడ్ల నిండా వినాయకులు. చవితి పది రోజుల్లో ఉంది. రంగు ఆరడం లేదని ఒకాయన బొమ్మలకి ఫ్యాను పెట్టి కూర్చున్నాడు.

అలీబాగ్‌లో ఇస్రాయెల్ ఆళీ అనే వీధి ఇంకా ఆ పేరుతోనే ఉంది. అక్కడి మాగెన్ అబోత్ సినగాగ్ 1848లో మొదలైంది. గేటు తీసినావిడా ఆంటీ చేతులు పట్టుకుని చాలాసేపు ఏవో పేర్లు చెప్పుకున్నారు, ఎవరు వెళ్ళిపోయారు, ఎవరు పోయారు, ఎవరి ఇల్లు అమ్మేశారు అని. చెక్క మెట్లు ఇప్పటికీ నిగనిగలాడుతున్నాయి. కూర్చునేవాళ్ళు తగ్గినా తుడిచేవాళ్ళు మానలేదు.

నవ్‌గావ్‌కి ఆటో ఏడొందలకి మాట్లాడుకున్నాం. ఆటో అతను ముక్కు సూటిగా దక్షిణంగా తీసుకెళ్ళి ఒక బీచ్ దగ్గర ఆపాడు. అరటిపడవ సవారీ బోర్డులు, మూసేసిన కొట్లు. అది నాగావ్. మేం అడిగింది నవ్‌గావ్, అలీబాగ్‌కి ఉత్తరాన కిహీం వైపు. పర్యాటకులందరూ నాగావే వస్తారు, అతను అదే అనుకున్నాడు. వెనక్కి వెళ్ళడానికి ఇంకో రెండొందలు అడిగాడు. ఆంటీ మరాఠీలో, "మా పూర్వీకుల సమాధులు చూడటానికి వచ్చాం" అంది. అతను ఆటో తిప్పాడు. చివర్న ఏడొందలే తీసుకున్నాడు, ఆంటీ బలవంతంగా ఇంకో వంద జేబులో పెట్టింది.

దారిలోనే ఖండాలా ఆగాం. లోనావాలా దగ్గరి ఖండాలా కాదు, అలీబాగ్ దగ్గరి పల్లె. ఇక్కడ ఒక బండరాయి మీద గాట్లు ఉన్నాయి, ఏలియా రథచక్రాల, గుర్రపు డెక్కల గుర్తులని నమ్మకం. పడవ మునిగి ఒడ్డుకి కొట్టుకొచ్చి స్పృహలేకుండా పడున్నవాళ్ళని ఆయనే లేపాడని, రథం ఇక్కడ నేలని తాకి పైకి వెళ్ళిపోయిందని చెప్పుకుంటారు. మొక్కు తీర్చుకునేవాళ్ళు ఇక్కడిదాకా వస్తారు. ఆంటీ రాత్రి మలీదా కొంచెం డబ్బాలో తెచ్చింది. గాటులో నిలిచిన వాననీళ్ళు వేళ్ళతో తాకి పెదాలకు ఆనించుకుంది. పొలంలోంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు కూడా అలాగే ఆ రాతికి దణ్ణం పెట్టి మలీదా తీసుకున్నారు.

నవ్‌గావ్ శ్మశానం సముద్రానికి దగ్గర్లోనే. స్మారక స్తంభం, దాని మీద ఆరుకోణాల నక్షత్రం. పడవలో మునిగిపోయినవాళ్ళని రెండు దిబ్బలుగా పాతిపెట్టారంటారు, మగవాళ్ళు ఒకచోట, ఆడవాళ్ళు ఒకచోట. ఏడుగురు మగవాళ్ళు, ఏడుగురు ఆడవాళ్ళు బతికారు, మిగతా కథంతా ఆ పద్నాలుగుమందిది. మేం వెళ్ళేసరికి గడ్డి మోకాలెత్తు, ఏది దిబ్బో ఏది నేలో తెలియనంత పచ్చగా ఉంది. ఆంటీ గొడుగు నాకిచ్చి కొంగు తలమీదకి లాక్కుని షెమా చెప్పింది. ఒక్క వాక్యం. పుస్తకాలు పోయినా పోనిది.

తర్వాత కూతురికి వీడియో కాల్ చెయ్యమంది. నేను ఫోన్ పట్టుకుని స్తంభం చూపించాను, నక్షత్రం చూపించాను, రెండు దిబ్బలు అనుకున్నచోటు చూపించాను. అష్దోద్‌లో ఎండ మండిపోతోంది, వెనకాల పిల్లలు నిక్కర్లతో తిరుగుతున్నారు. అక్కడ ఎండాకాలమంతా చినుకు పడదు. నా స్నేహితురాలు కాసేపు మాట్లాడకుండా చూసింది.

"అవన్నీ చూశాను కదా, చిన్నప్పుడు నాన్న తీసుకొచ్చాడు" అంది. "వాన చూపించు."

నేను ఫోన్ గొడుగు బయటికి చాపాను.